లాప్‌టాప్ హింజ్ మార్పించాక వైఫై రౌటర్ పక్కన తప్ప రావట్లేదు, వైఫై కార్డు మార్చాలా?

సింగరాయకొండ_ప్యాసింజర్:

అందరికీ నమస్తే. కథ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నా లాప్‌టాప్ 2018 చివర్లో కొన్నది. ఐ5 ఎనిమిదో జనరేషన్, 8 జీబీ ర్యామ్, మధ్యలో ఎస్‌ఎస్‌డీ వేయించా. పగలు టాలీ, ఎక్సెల్, సాయంత్రం ఇంటర్ పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు, అంతే నా వాడకం, దానికి ఇది ఇప్పటికీ బాగా సరిపోతుంది కాబట్టి కొత్తది కొనే ఆలోచన లేదు. డబ్బులు కూడా లేవనుకోండి, అది వేరే విషయం.

పోయిన నెల స్క్రీన్ మూతని పట్టి ఉంచే ఎడమ వైపు హింజ్ (కీలు) విరిగి, మూత తెరిచినప్పుడల్లా పటపటమంటుంటే ఒంగోలు తీసుకెళ్లి ఒక షాపులో ఇచ్చా. రెండు రోజులుంచుకుని మార్చి 1,600 తీసుకున్నారు. హింజ్ పని మాత్రం శుభ్రంగా చేశారు, వంక పెట్టడానికి లేదు. కానీ ఇంటికొచ్చి చూస్తే వైఫై చచ్చిపోయినట్టుంది. రౌటర్ హాల్లో టీవీ పైన ఉంటుంది, నేను కూర్చునేది వెనక గదిలో. మధ్యలో ఉన్నది ఒక్కటే గోడ, కాకపోతే తాతల నాటి మిద్దె, గోడ మూరెడు మందం ఉంటుంది. ఇదివరకు వెనక గదిలో మూడు గీతలు చూపించేది, క్లాసులు ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయేవి. ఇప్పుడు టీవీ కింద నేల మీద కూర్చుంటే బాగానే వస్తుంది, హాలు గుమ్మం దాటితే ఒక గీత, వెనక గదికెళ్తే అసలు పేరే కనబడదు. అదే గదిలో ఫోన్‌కి ఫుల్ సిగ్నల్.

షాపుకి ఫోన్ చేస్తే "వైఫై కార్డు పోయింది సార్, తీసుకురండి, 2,800 అవుతుంది" అన్నారు. హింజ్ మారిస్తే కార్డెందుకు పోతుందని అడిగితే పాత బండి కదా సార్ అన్నారు. నాకు ఒళ్లు మండి, నేనే కొని వేసుకుందామని ఆన్‌లైన్‌లో చూస్తే ఇంటెల్ ఏఎక్స్ 201 అని ఒకటి తక్కువలో ఉంది, ఏఎక్స్ 210 అని ఇంకొకటి దానికి రెట్టింపు ఉంది, ఫోటోలో రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఏది కొనాలి? ఇంట్లో మనమే మార్చుకోగలమా? విప్పిన అనుభవం అంటే ఫ్యాన్ కెపాసిటర్ మార్చడం వరకే.

---

కందుకూరు_కుర్రోడు:

అన్నా ఇంత టెన్షన్ ఎందుకు, యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి కొని గుచ్చేయ్. 400 పెడితే వస్తుంది. నేను మూడేళ్లుగా అదే వాడుతున్నా.

---

ట్రంకురోడ్డు_మెకానిక్:

తమ్ముడూ, కార్డు కొనకు. ఇంకా కొనలేదుగా? అయితే ఆగు.

నేను నెల్లూరులో పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా, నువ్వు చెప్పినదాన్ని బట్టి కార్డు పోయినట్టు నాకనిపించట్లేదు. కార్డు పోతే ఎట్టా ఉంటుందంటే, విండోస్‌లో లోపలి భాగాల జాబితా చూపించే డివైజ్ మేనేజర్‌లో దాని పేరే ఉండదు, లేదంటే పసుపు గుర్తు పడి కోడ్ 10 అని చూపిస్తుంది, లేదంటే రౌటర్ నెత్తిన పెట్టినా కట్ అవుతూనే ఉంటుంది. దగ్గర్లో బాగా వచ్చి గది మారితే పోతోందంటే అది యాంటెన్నా జబ్బు.

లాప్‌టాప్‌లో యాంటెన్నా ఎక్కడుంటుందో షాపులో చాలామంది చెప్పరు. కార్డు కింద బోర్డు మీద ఉంటుంది, యాంటెన్నా మాత్రం చాలా మోడళ్లలో పైన మూతలో, స్క్రీన్ అంచుకి అతికించి ఉంటుంది. అక్కణ్ణించి దారంలాంటి సన్న వైరు స్క్రీన్ పక్కగా దిగి, సరిగ్గా హింజ్ సందులోంచి కిందకొచ్చి కార్డుకి తగులుకుంటుంది. హింజ్ మార్చాలంటే మామూలుగా ఆ వైరు ఊడదీయాల్సి వస్తుంది. పని అయ్యాక తిరిగి నొక్కడం మర్చిపోవచ్చు, నొక్కినా సరిగా కూర్చోకపోవచ్చు, హింజ్ కింద పడి నలిగిపోవచ్చు. నా దగ్గరికి వేరేచోట హింజ్ మార్పించుకుని ఇదే కంప్లయింట్‌తో వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. నేను కూడా మొదట్లో ఒకాయనకి ఇట్టాగే చేసి పంపించా, ఆయన మళ్లీ కావలి నుంచి బస్సెక్కి వచ్చి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే.

ఒక పరీక్ష చెబుతా. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఉందా? లాప్‌టాప్‌కి కలిపి పాట పెట్టి నాలుగడుగులు పక్కకెళ్లు. బ్లూటూత్ కూడా ఆ కార్డులోనే ఉంటుంది, ఆ యాంటెన్నానే పంచుకుంటుంది. అదీ తెగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

డివైజ్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఏ పేరుందో కూడా రాయి.

---

సింగరాయకొండ_ప్యాసింజర్:

అన్నా, దండం మీకు. నెక్‌బ్యాండ్ మెడలో ఉండగానే తెగుతోంది! లేచి నిలబడితే చాలు గరగర. వారం నుంచి నెక్‌బ్యాండ్ పాడైందనుకుని ఇంట్లో పిల్లోడిని తిడుతున్నా, నీళ్లలో ముంచాడేమోనని.

కార్డు పేరు రియల్‌టెక్ 8723డీఈ అని ఉంది. పసుపు గుర్తు ఏమీ లేదు.

---

ఉప్పుగాలి:

మెకానిక్ అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. మాది అల్లూరు వైపు, రొయ్యల చెరువుల దగ్గర షెడ్డులోనే నా కంప్యూటర్ పనంతా, మేత లెక్కలూ అవీ. మాకు హింజ్ విరక్కపోయినా వైఫై పోతుంది. ఉప్పు గాలికి, తేమకి కార్డు అంచున ఉండే బంగారు రంగు పళ్లకి చిలుం పడుతుంది, యాంటెన్నా వైరు తగులుకునే చోట కూడా. ఒక రోజు కార్డు కనబడుతుంది, ఒక రోజు కనబడదు. కార్డు బయటికి తీసి పళ్ల మీద స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేసి మళ్లీ పెడితే ఆరేడు నెలలు నడుస్తుంది. కందుకూరు తమ్ముడు చెప్పిన డాంగిల్ మా దగ్గర ఏడాది తిరక్కముందే తుప్పుపట్టింది. సింగరాయకొండ కూడా సముద్రానికి ఎంతో దూరం కాదుగా, విప్పినప్పుడు అదీ చూసుకో బ్రదర్.

---

వేదాయపాళెం_వర్క్‌ఫ్రమ్‌హోమ్:

తమ్ముడూ, రేపు ఎప్పుడైనా కార్డు కొన్నా కూడా ఆ ఏఎక్స్ 201 జోలికి మాత్రం వెళ్లకు. ఆ తప్పు నేను చేశా.

నాది రైజెన్ లాప్‌టాప్, అంటే ప్రాసెసర్ ఇంటెల్‌ది కాదు, ఏఎండీది. 201, 210 రెండూ ఒకే సైజు, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడుగు, ఒకే స్లాటులో కూర్చుంటాయి, స్క్రూ కూడా ఒకటే. చవగ్గా ఉందని 201 కొన్నా. పెట్టా, స్క్రూ బిగించా, ఆన్ చేశా, ఏమీ లేదు. డ్రైవర్ వేశా, లేదు. ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బయాస్ సెట్టింగుల్లో వెతికా, లేదు. రాత్రి రెండింటి దాకా అదే గొడవ, తెల్లారి ఆఫీసు మీటింగ్ ఉంది, చివరికి పాత కార్డే మళ్లీ పెట్టుకున్నా.

తర్వాత అర్థమైందేమిటంటే 201 పూర్తి కార్డు కాదు. దాని మీద రేడియో భాగం మాత్రమే ఉంటుంది, వైఫై పని చేసే మిగతా సగం ఇంటెల్ ప్రాసెసర్ వైపు చిప్‌సెట్‌లో ఉంటుంది. దీన్ని సీఎన్‌వీఐ అంటారు. ఏఎక్స్ 201కి ఇంటెల్ పదో జనరేషన్ నుంచి, 211కి ఇంకా కొత్తవి కావాలి. ట్రాక్టరు లేకుండా వెనక తగిలించే ట్రక్కు ఒక్కటే కొనుక్కొచ్చి ఇంటిముందు పెట్టుకున్నట్టయింది నా పని. నీది ఎనిమిదో జనరేషన్ కాబట్టి నీకూ అంతే. ఏఎక్స్ 200, 210 మాత్రం దేనికదే పూర్తి కార్డు, మామూలు పీసీఐఈ లైను మీద నడుస్తాయి, రైజెన్ అయినా పర్లేదు. చివర్లో ఒక్క అంకె తేడా, చూసుకోకపోతే డబ్బులు పోతాయి.

---

ట్రంకురోడ్డు_మెకానిక్:

అమ్మాయి కరెక్ట్‌గా చెప్పింది. ఇంకా పాత బండ్లలో మరో తలనొప్పి ఉంది, కొన్ని కంపెనీలు బయాస్‌లో ఒప్పుకున్న కార్డుల జాబితా పెడతాయి, అందులో లేని కార్డు పెడితే ఆన్ అవ్వగానే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. నీది 2018ది కాబట్టి ఆ బాధ ఉండకపోవచ్చు.

సరే, ఇప్పుడు విప్పుదాం. ముందు షట్‌డౌన్. విండోస్‌లో మామూలు షట్‌డౌన్ సగం నిద్రే, షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టు. చార్జర్ తీసెయ్. అడుగున స్క్రూలు తీసేటప్పుడు ఏది ఎక్కడిదో కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి అక్కడక్కడే గుచ్చి పెట్టుకో, పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు పక్క ప్లాస్టిక్ ఉబ్బుతుంది. రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాక్కుని ఉండొచ్చు, రాకపోతే లాగొద్దు, అవి వెతుకు. అడుగు మూత ఊడదీయడానికి ఇనుప స్క్రూడ్రైవర్ వాడకు, పాత ఏటీఎం కార్డు చాలు. మూత రాగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ పీకడం, ఆ తర్వాత పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకో.

వైఫై కార్డు బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది, దాని మీద రెండు గుండ్రటి బుడిపెలుంటాయి, ఆవగింజంత. వైరు చివర వాటికి సరిపడా టోపీ ఉంటుంది. ఫోటో తీసి ఇక్కడ పెట్టు, అప్పటిదాకా దేన్నీ కదిలించకు.

---

సింగరాయకొండ_ప్యాసింజర్:

విప్పా! మా ఆవిడ పక్కన నిలబడి సెల్‌ఫోన్ లైటు పట్టింది, ఆవిడే ముందు చూసింది.

కార్డు మీద 1, 2 అని రెండు బుడిపెలున్నాయి. వచ్చిన వైరు మాత్రం ఒక్కటే, నల్లది. దాని టోపీ 1 మీద లేదు, పక్కకి ఒరిగి బుడిపె అంచు మీద ఆనుకుని ఉంది, దాని పైన పసుపు టేపు ముక్క అతికించారు. టేపు ఉంది కాబట్టి బయటికి ఊడిపోలేదు, లోపలికి దిగనూ లేదు. అంటే అట్లా అతికించి మూత వేసేశారన్నమాట. దీనికి 2,800 అడిగారు!

హింజ్ దగ్గర కూడా చూశా. వైరు వెళ్లాల్సిన గాడిలోంచి కాకుండా ఇనప ముక్క పైనుంచి వెళ్తోంది, అక్కడ నల్ల తొడుగు కొద్దిగా గీసుకుపోయి లోపల వెండి జడ లాంటి అల్లిక కనబడుతోంది. తెగిందా లేదా తెలీదు. ఫోటో పెట్టా చూడండి. రెండో బుడిపెకి వైరు ఎక్కడా లేదు, మొత్తం వెతికా, అదేమైనా తీసేశారా?

---

ట్రంకురోడ్డు_మెకానిక్:

ఫోటో చూశా. రెండో వైరు ఎవరూ తీయలేదు తమ్ముడూ, కంపెనీ నుంచే రాలేదు. తక్కువ రేటు మోడళ్లలో ఒక్క యాంటెన్నాతోనే ఇస్తారు, నీ 8723డీఈ కార్డు ఒక్క లైనుదే, అంటే ఒక్క యాంటెన్నాతో నడిచేదే, దానికి ఒకటి చాలు.

టేపు తీసెయ్. టోపీని వైరు పట్టుకుని లాగొద్దు, గోరు అంచు కింద పెట్టి నిటారుగా పైకి లేపు. తర్వాత 1 బుడిపె మీద నేరుగా నిలబెట్టి, అటూ ఇటూ వేలితో కదిపితే తనంతట తనే మధ్యకి వస్తుంది, అప్పుడు బొటనవేలితో నొక్కు. టిక్ మని వేలికి తెలుస్తుంది. తెలియకపోతే కూర్చోనట్టే, బలం పెట్టకుండా మళ్లీ మొదట్నుంచి చెయ్. ఊరికే తీసి పెట్టి చూడొద్దు, ఈ రకం కనెక్టర్లకి 30 సార్లు తీసి పెట్టడం వరకే లెక్క, ఆ తర్వాత వదులైపోతాయి.

గీసుకుపోయిన చోట లోపలి రాగి తీగ తెగలేదు, పైన అల్లిక కనబడుతోందంతే. ఆ అల్లిక హింజ్ ఇనుముకి రాసుకుంటూ ఉంటే మాత్రం మూత తెరిచి మూసేకొద్దీ తెగుతుంది. వేడికి తట్టుకునే ఆ పసుపు టేపు ముక్కే ఉందిగా, దాన్ని గీత పడిన చోట చుట్టి వైరుని గాడిలోకి దించు. స్క్రీన్ మూత పూర్తిగా తెరిచి, మూసి చూడు, రెండు వైపులా వైరు బిగుసుకోకూడదు, కొంచెం వదులుండాలి.

---

సింగరాయకొండ_ప్యాసింజర్:

టిక్ మంది అన్నా! మూడోసారికి. మొదటి రెండుసార్లు చెయ్యి వణికింది.

వెనక గదిలో మళ్లీ మూడు గీతలు. నెక్‌బ్యాండ్ వేసుకుని వంటింట్లోకెళ్లి మంచినీళ్లు తాగి వచ్చా, ఎక్కడా తెగలేదు. పిల్లోడికి సారీ చెప్పి ఐస్‌క్రీం కొనిచ్చా, మొత్తం రిపేరు ఖర్చు అదే.

ఇంకొక్క సందేహం, ఎలాగూ విప్పడం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఇంట్లో ఫైబర్ 100 ఎంబీపీఎస్ ప్లాను. ఫోన్లో తొంభై దాకా వస్తుంది, లాప్‌టాప్‌లో హాల్లో కూర్చున్నా 40 దాటదు, హింజ్ విరక్కముందు కూడా అంతే. దీనికైనా ఏఎక్స్ 210 వేసుకోవచ్చా?

---

ట్రంకురోడ్డు_మెకానిక్:

ఇది మాత్రం నిజంగా కార్డు వల్లే. 8723డీఈ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది, 5 అసలు కనబడదు. ఒక్క లైను మీద రౌటర్‌తో మామూలుగా 72 ఎంబీపీఎస్ లింక్ చూపిస్తుంది, అందులో మన చేతికొచ్చేది సగం పైచిలుకు. నీ 40 అదే. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ కూడా అదే 2.4 మీద తోసుకుంటుంటాయి కాబట్టి సాయంత్రాలు ఇంకా తగ్గుతుంది.

210 నీ బండిలో నడుస్తుంది, కానీ అది రెండు యాంటెన్నాల కార్డు. ఒక్క వైరుతో పెడితే సగం సామర్థ్యమే. రెండోది కావాలంటే విడిగా యాంటెన్నా కొని మూతలో అతికించాలి, అంటే స్క్రీన్ చుట్టూ ఫ్రేము విప్పి మళ్లీ హింజ్ సందులోంచి ఇంకో వైరు లాగాలి. కొనేటప్పుడు వైరు చివర టోపీ ఎంహెచ్ఎఫ్ 4 రకంది అయ్యుండాలి, పాత మినీ పీసీఐఈ కార్డులకి వాడే పెద్ద టోపీ దీనికి పట్టదు. నీకు ఇప్పుడు అంత పని వద్దు. ఒక్క వైరుకి సరిపడే కార్డు కావాలంటే రియల్‌టెక్ 8821సీఈ చూడు, ఒక్క లైనే గానీ 5 కూడా పట్టుకుంటుంది, లింక్ 433 దాకా చూపిస్తుంది, నీ 100 ప్లానుకి ఎక్కువే. డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో దించుకో, మార్చాక నెట్ లేక డ్రైవర్ కోసం వెతుక్కునేవాళ్లని చాలామందిని చూశా. లేదంటే ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ పెట్టుకో.

కాకపోతే ఒక్క మాట. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 2.4 కన్నా నీరసం. నీది మూరెడు గోడ. హాల్లో కూర్చుంటే తొంభై వస్తుంది, నువ్వు క్లాసు చెప్పే వెనక గదిలో మాత్రం మళ్లీ 2.4కే దిగొచ్చు. లెక్కల క్లాసుకి 40 చాలదా?

---

సింగరాయకొండ_ప్యాసింజర్:

చాలన్నా. క్లాసుకి ఐదు కూడా పట్టదు. ఊరికే ఆశ. ఆ డబ్బులతో ఒక పొడుగు ల్యాన్ కేబుల్ కొని హాల్లోంచి వెనక గదికి లాగుతా, కిటికీ ఊచల్లోంచి పోతుంది.

---

ఉప్పుగాలి:

పళ్లకి చిలుం ఉందా లేదా చెప్పనేలేదు?

---

సింగరాయకొండ_ప్యాసింజర్:

లేదు బ్రదర్, తళతళలాడుతున్నాయి. ఫ్యాన్‌లో మాత్రం చిన్న దిండుకి సరిపడా దూది వచ్చింది.

---

వేదాయపాళెం_వర్క్‌ఫ్రమ్‌హోమ్:

నా ఏఎక్స్ 201 ఇంకా బీరువాలోనే ఉంది, రెండేళ్లయింది. ఇంటెల్ పదో జనరేషనో ఆపైదో లాప్‌టాప్ ఉండి ఎవరికైనా కావాలంటే 500కి ఇస్తా, నెల్లూరు వరకే, కొరియర్ చేసే ఓపిక లేదు.

---

కందుకూరు_కుర్రోడు:

అక్కా నాది పదకొండో జనరేషన్. డాంగిల్ రెండు రోజుల నుంచి మొరాయిస్తోంది, లోపలి కార్డు ఎప్పుడో పోయింది. ఆదివారం నెల్లూరు వస్తున్నా, తీసుకోనా?

---

ట్రంకురోడ్డు_మెకానిక్:

లోపలి కార్డు పోయిందని ఎవరు చెప్పారు నీకు? ముందు వెనక మూత తీసి ఫోటో పెట్టు.